ఇంటిపెద్ద పోయాక చట్టం అడిగే ప్రశ్నలు

మనిషి కన్నుమూసిన క్షణానే అతని ఆస్తి వారసులది అయిపోతుంది. ఎవరూ దరఖాస్తు పెట్టక్కర్లేదు, ఎవరూ సంతకం చేయక్కర్లేదు. హిందూ వారసత్వ చట్టమైనా, ముస్లిం పర్సనల్ లా అయినా, క్రైస్తవులకు వర్తించే భారత వారసత్వ చట్టమైనా ఈ విషయంలో ఒకే మాట. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది. హక్కు చేతులు మారిన సంగతి బ్యాంకుకు తెలియదు, తహసీల్దారు ఆఫీసుకు తెలియదు, పీఎఫ్ ఆఫీసుకు తెలియదు. వాళ్ల రికార్డుల్లో ఆయన ఇంకా బతికే ఉంటాడు. ఆ పేరు తీసి వారసుల పేరు ఎక్కించేదాకా ఆ హక్కుతో ఇంట్లో పొయ్యి వెలగదు.

అందుకే కుటుంబాల మీద చట్టం ప్రభావం కోర్టు హాళ్లలో కన్నా ఆఫీసు కౌంటర్ల దగ్గర ఎక్కువగా తెలుస్తుంది. అక్కడ అడిగేది ఎప్పుడూ ఒకటే: పోయినాయనకు మీరేమవుతారు, దానికి కాగితం ఏది? ఈ జవాబు ఆ రోజుకారోజు తయారయ్యేది కాదు. పెళ్లి చేసుకున్నప్పుడు, పిల్లలు పుట్టినప్పుడు, ఉద్యోగంలో చేరిన మొదటి రోజు హెచ్ఆర్ వాళ్లిచ్చిన ఫారం నింపినప్పుడు తయారై ఉంటుంది. లేదంటే అప్పుడే తప్పిపోయి ఉంటుంది.

మొదటి కాగితం డెత్ సర్టిఫికెట్. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఫీజు లేదు. పదకొండో రోజున పెద్దకర్మ చేసే ఇంట్లో ఇక మిగిలేది పది రోజులే. 30 రోజుల దాకా ఆలస్య రుసుముతో సరిపోతుంది, ఆపైన ఏడాది లోపు పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే ఒకప్పుడు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఆ ఉత్తర్వు ఇచ్చే అధికారం కలెక్టరుకు, ఆర్డీవోకు, కలెక్టరు నియమించిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు వచ్చింది.

చాలామంది తిరిగి తిరిగి అలసిపోయేది ఇంకో చిన్న విషయం దగ్గర. మరణం నమోదయ్యేది మనిషి ఉండే ఊళ్లో కాదు, పోయిన చోట. జగిత్యాల పక్క పల్లెటూరి మనిషి హైదరాబాద్ ఆస్పత్రిలో పోతే సర్టిఫికెట్ హైదరాబాద్‌లోనే పుడుతుంది. దహనం ఊళ్లో జరిగింది కాబట్టి పంచాయతీ కార్యదర్శి ఇస్తాడనుకుని కుటుంబం ఆయన చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఆస్పత్రిలో అడ్మిషన్ అప్పుడు కంగారులో ఎవరో చెప్పిన పేరే ఆ సర్టిఫికెట్‌లోకి ఎక్కుతుంది. ఆధార్‌లో వెంకటేశ్వర్లు, ఆస్పత్రి రికార్డులో వెంకటేశ్వరరావు, పాస్‌బుక్‌లో ఇంటిపేరు లేకుండా వెంకటేశం. ముగ్గురూ ఒక్కరేనని నోటరీ అఫిడవిట్ చేయించడంతో అసలు తిరుగుడు మొదలవుతుంది.

ప్రమాదంలో పోతే మరో కాగితం కూడా ముఖ్యం. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా కింద ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. రోడ్డు ప్రమాదం, నీట మునగడం లాంటివైతే పోలీసు రిపోర్టు కావాలి. పాముకాటు, చెట్టు మీంచి పడటం లాంటివాటికి వెంటనే చూపించిన ఆస్పత్రి రికార్డు అయినా ఉండాలి. 'పోయిన మనిషిని కోయించడం ఎందుకు' అని పోస్టుమార్టం లేకుండా మట్టి చేసేస్తే, పొలంలో పాము కరిచి పోయాడని ఊరంతా సాక్ష్యం చెప్పినా బీమా ఆఫీసుకు చూపించడానికి ఏమీ ఉండదు. అసలు ఆ 20 రూపాయలు ఖాతాలోంచి ఏటా కట్ అవుతున్నాయన్న సంగతే ఇంట్లోవాళ్లకు తెలియని కేసులు ఇంకా ఎక్కువ.

నామినీ అంటే యజమాని కాదు

వారసత్వం విషయంలో తెలుగు ఇళ్లలో బాగా పాతుకుపోయిన అపోహ ఇదే. 'నా పేరు నామినీగా ఉంది కాబట్టి డబ్బు నాది' అనుకుంటారు. సుప్రీంకోర్టు 1984లోనే శర్బతీ దేవి కేసులో బీమా నామినీ డబ్బు అందుకునే చెయ్యి మాత్రమే అని, ఆ డబ్బు వారసులందరిదీ అని చెప్పింది. బ్యాంకు డిపాజిట్ల విషయంలో కూడా కోర్టుల మాట ఇదే. కంపెనీల షేర్ల విషయంలో కొంతకాలం అనుమానం నడిచింది. 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో షేర్లకూ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పడంతో అదీ తీరిపోయింది.

బీమాలో మాత్రం 2015 సవరణ కొంత తేడా తెచ్చింది. పాలసీదారు తన తల్లిదండ్రులను, భార్యను లేదా భర్తను, పిల్లలను నామినీగా పెడితే వాళ్లు ఆ డబ్బును అనుభవించే హక్కున్న నామినీలవుతారు. దాని వల్ల ఇతర వారసుల వాటా పూర్తిగా పోతుందా అన్న దాని మీద హైకోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి.

మరి నామినీ పేరు రాయడం దండగా? కాదు. బ్యాంకుకు అది రక్షణ. నామినీకి ఇచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరుతుంది, కుటుంబానికి డబ్బు త్వరగా చేతికొస్తుంది. ఆ తర్వాత పంపకం ఇంట్లో తేల్చుకోవాలి, తేలకపోతే కోర్టులో. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు. లాకరుకైతే ఒకరి తర్వాత ఒకరు అనే వరుసే. నామినీ లేని ఖాతాల విషయంలో రిజర్వు బ్యాంకు 2025లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల దాకా ఉన్న డబ్బును, గొడవలేమీ లేకపోతే, కోర్టు సర్టిఫికెట్ అడక్కుండానే వారసులకు ఇవ్వాలి. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో పని ముగించాలి. దీన్ని అమలు చేయడానికి బ్యాంకులకు 2026 మార్చి 31 దాకా గడువిచ్చింది.

పీఎఫ్‌ది మరో లెక్క. ఉద్యోగంలో చేరినప్పుడు ఇరవై రెండేళ్ల కుర్రాడు నామినీ గడిలో అమ్మ పేరు రాస్తాడు. ఆరేళ్లకు పెళ్లవుతుంది. పీఎఫ్ పథకం నిబంధన ప్రకారం పెళ్లికి ముందు రాసిన నామినేషన్ పెళ్లితోనే చెల్లకుండా పోతుంది, మళ్లీ రాయాలి. అతను రాయడు. అకస్మాత్తుగా పోతే అమ్మ దగ్గర పాత కాగితం ఉంటుంది, భార్య దగ్గర పెళ్లి ఫొటోలు ఉంటాయి. చెల్లే నామినేషన్ లేకపోతే డబ్బును పథకం నిర్వచించిన కుటుంబ సభ్యులకు సమానంగా పంచుతారు. అందులో మేజరైన కొడుకులు, భర్త బతికున్న పెళ్లైన కూతుళ్లు ఉండరు. పోయిన ఉద్యోగి మీద ఆధారపడ్డ అమ్మనాన్నలు ఉంటారు. పీఎఫ్‌తో పాటు, ఆ ఖాతాకే ముడిపడ్డ ఈడీఎల్‌ఐ అనే జీవిత బీమా 7 లక్షల దాకా వచ్చే అవకాశం ఉంది కాబట్టి ఇక్కడ అత్తాకోడళ్ల మధ్య మొదలైన గొడవ చిన్నగా ముగియదు. ఇద్దరి తప్పూ లేదు. ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని వాయిదా పడిందంతే.

ఒకే ఫ్లాటు, మూడు లెక్కలు

ఒకాయన సొంత సంపాదనతో కొన్న ఫ్లాటు ఉంది, విలువ 72 లక్షలు. వీలునామా లేదు. ఇంట్లో ముసలి తల్లి, భార్య, ఒక కొడుకు, ఒక కూతురు. తండ్రి ముందే పోయాడు.

ఆ కుటుంబం హిందువులైతే నలుగురికీ సమాన వాటా, తలా 18 లక్షలు. తల్లి మొదటి తరగతి వారసురాలు. తండ్రి బతికున్నా ఆ తరగతిలో ఉండడు, మొదటి తరగతిలో ఎవరూ లేనప్పుడే వాటా వచ్చే రెండో తరగతిలోకి వెళ్తాడు. కన్నవాళ్లిద్దరి మధ్య ఈ తేడా ఎందుకో చాలామందికి అర్థం కాదు, కానీ 1956 నుంచి చట్టం అదే. క్రైస్తవులైతే భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు. అంటే భార్య, కొడుకు, కూతురు తలా 24 లక్షలు. పిల్లలున్నారు కాబట్టి తల్లికి ఏమీ రాదు. సున్నీ ముస్లింలైతే భార్యకు ఎనిమిదో వంతు, 9 లక్షలు. తల్లికి ఆరో వంతు, 12 లక్షలు. మిగిలిన 51 లక్షల్లో కొడుక్కి రెండు వంతులు, కూతురికి ఒకటి: 34, 17.

ఇక్కడ పెళ్లి రోజు నిర్ణయం ముప్పై ఏళ్ల తర్వాత ఎలా తిరిగొస్తుందో చూడాలి. హిందూ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ పెళ్లి చేసుకుంటే వాళ్ల ఆస్తికి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. అంటే పైన చెప్పిన రెండో లెక్క. అబ్బాయి తల్లికి హిందూ చట్టం కింద రావాల్సిన నాలుగో వంతు ఆ సంతకంతోనే పోయినట్టు. ఇద్దరూ హిందువులై అదే చట్టం కింద పెళ్లి చేసుకుంటే మాత్రం 1976 సవరణ వల్ల హిందూ చట్టమే నడుస్తుంది. రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు ఎక్కే రోజున ఇవన్నీ ఎవరు ఆలోచిస్తారు!

హిందూ కుటుంబంలో తల్లి వాటా దగ్గరే తర్వాతి తరం గొడవ మొదలవుతుంది. ఆ 18 లక్షల వాటాతో ఆవిడ ఏ కాగితమూ రాయకుండా పోతే, అది ఆవిడ పిల్లలందరికీ వెళ్తుంది. పోయిన కొడుకు కాక ఇంకో కొడుకు, ఒక కూతురు ఉంటే మూడు భాగాలు: పోయిన కొడుకు పిల్లలిద్దరికీ కలిపి 6 లక్షలు, రెండో కొడుక్కి 6, కూతురికి 6. భర్త కష్టపడి కొన్న ఫ్లాటు అమ్మబోతే మరిది సంతకం, ఆడపడుచు సంతకం కావాలని బ్యాంకు లాయరు చెప్పినప్పుడు ఆ ఇల్లాలు బిత్తరపోతుంది. 'వాళ్లకేం సంబంధం?' అనిపిస్తుంది. సంబంధం అత్తగారి ద్వారా వచ్చింది. అత్తగారు బతికుండగా మనవలకు రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ రాసినా, తెల్లకాగితం మీద వీలునామా రాసినా ఆ తలనొప్పి ఉండేది కాదు.

హిందూ ఇళ్లలో విడిపోయిన దంపతుల సంగతీ ఇలాంటిదే. పదిహేనేళ్లుగా ఎవరి దారి వారిదైనా, కోర్టు విడాకుల డిక్రీ లేకపోతే మామూలుగా ఆవిడే చట్టం ప్రకారం భార్య, ఆవిడదే వాటా. పెద్దమనుషుల ముందు కాగితం రాసుకుని విడిపోయి, ఇంకొకావిడను పెళ్లి చేసుకుని కాపురం పెట్టిన మనిషి పోతే ఆ రెండో ఆవిడకు వారసత్వ హక్కు ఉండదు. ఆవిడ పిల్లలకు ఉంటుంది. అలాంటి పిల్లలకు తండ్రి స్వార్జితంలోనే కాదు, ఉమ్మడి ఆస్తిలో తండ్రికి వచ్చే వాటాలో కూడా హక్కు ఉందని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరు 1న స్పష్టం చేసింది. దత్తత పత్రం లేకుండా ప్రేమగా సాకిన పిల్లల పరిస్థితి వీళ్లకన్నా కష్టం. ఇరవై ఏళ్లు అన్నం పెట్టి పెంచినా దత్తత జరిగిందని రుజువు కాకపోతే వాళ్లు వారసులు కారు.

ఆడబిడ్డ వాటాకు గీసిన గీతలు

ఆడబిడ్డ హక్కు చరిత్ర చూస్తే జీవితంలోని ఒక్కో ఘట్టాన్ని చట్టం గీతగా వాడుకున్న తీరు తెలుస్తుంది. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాలకన్నా ముందు మన దగ్గర వచ్చిన మాట నిజమే. కానీ ఆ తేదీకి పెళ్లైపోయిన కూతుళ్లకు లేదంది. ఒకే ఇంట్లో ఆగస్టులో పెళ్లైన అక్కకు హక్కు లేదు, మరుసటి ఏడాది పెళ్లైన చెల్లికి ఉంది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ పెళ్లి అనే ఆ గీతను చెరిపేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న రెండో గీత మీద పదిహేనేళ్లు కోర్టుల్లో నలిగింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ తీర్పు అదీ అక్కర్లేదంది. ఇప్పుడు మిగిలింది ఒకటే: 2004 డిసెంబరు 20 కన్నా ముందు రిజిస్టరు పత్రంతోనో, కోర్టు డిక్రీతోనో జరిగిపోయిన పంపకాలను కదపరు. 'ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం' అంటే మామూలుగా చెల్లదు, గట్టి పబ్లిక్ రికార్డు ఉంటే తప్ప.

ఇదంతా పిత్రార్జితం సంగతి. తండ్రి సొంతంగా సంపాదించిన దాంట్లో, ఆయన వీలునామా లేకుండా పోతే, కూతురికి సమాన వాటా 1956 నుంచే ఉంది. 2005లోనే ఆడపిల్లలకు హక్కొచ్చిందన్న ప్రచారం వల్ల ఈ పాత హక్కును అడగని కుటుంబాలు ఎన్నో.

'కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద ఎకరం రాశాం, ఇక వాటా ఏంటి' అనే మాట పంచాయితీల్లో బాగా చెల్లుతుంది, కోర్టులో చెల్లదు. కట్నం వాటా కింద జమ కాదు. తండ్రి బతికుండగానే 'నాకు ఆయన స్వార్జితంలో భాగం అక్కర్లేదు' అని కూతురితో రాయించుకున్న కాగితం కూడా సాధారణంగా నిలబడదు, ఎందుకంటే ఇంకా రాని హక్కును వదులుకోవడం కుదరదని ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. తండ్రి పోయాక వదులుకోవాలంటే రిజిస్టర్డ్ హక్కు విడుదల దస్తావేజు కావాలి. దాని మీద అక్కచెల్లెళ్లు సంతకం పెట్టేది ప్రేమతో అని అందరూ అంటారు. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందన్న భయం కూడా ఆ సంతకంలో ఉంటుంది. దాన్ని ఏ సబ్ రిజిస్ట్రారూ రికార్డు చేయడు.

ఆడవాళ్ల సొంత సంపాదన విషయంలో మాత్రం చట్టం ఇంకా 1956లోనే ఆగిపోయింది. హిందూ స్త్రీ వీలునామా లేకుండా పోతే ఆస్తి మొదట భర్తకు, పిల్లలకు. వాళ్లెవరూ లేకపోతే భర్త వారసులకు. ఆ తర్వాతే కన్న తల్లిదండ్రులకు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిందైతే, పిల్లలు లేనప్పుడు తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది గానీ, ఆమె జీతంతో కొన్నదానికి ఆ మినహాయింపు లేదు. 2009లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఓం ప్రకాశ్ కేసులో ఆమెకు పెళ్లైన మూడు నెలలకే భర్త పోయాడు. అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివిస్తే ఉద్యోగం చేసి కూడబెట్టింది. ఆమె పోయాక ఆ డబ్బు భర్త తరఫు బంధువులకే వెళ్లింది. కోర్టు సానుభూతి చూపించింది, చట్టం మాత్రం ఇదేనంది. ఈ నిబంధన మార్చాలని లా కమిషన్ 2008లోనే చెప్పి ఉంది. మాదాపూర్‌లోనో, డల్లాస్‌లోనో ఉద్యోగం చేసే అమ్మాయి హైదరాబాద్‌లో తన పేరు మీద కొన్న ఫ్లాటుకూ ఇదే వర్తిస్తుంది. వీలునామా ముసలివాళ్ల వ్యవహారం అనే అభిప్రాయం అందరికన్నా ఎక్కువ నష్టం చేసేది వీళ్లకే.

ఏ కాగితం దేనికి

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌ను తహసీల్దారు ఇస్తాడు. తెలంగాణలో మీసేవలో, ఆంధ్రలో గ్రామ, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెడతారు. ఆ కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో అది చెబుతుంది, అంతే. ఎవరికి ఎంత వాటా అన్నది తేల్చే అధికారం దానికి లేదు. పెద్ద మొత్తాల డిపాజిట్లకు, షేర్లకు, ఇచ్చిన అప్పులు వసూలు చేసుకోవడానికి సివిల్ కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ అడగొచ్చు. పేపర్ ప్రకటన, కోర్టు ఫీజు, వాయిదాలు ఉంటాయి. స్థలాలకు, ఇళ్లకు ఈ సర్టిఫికెట్ పనికిరాదు. దానికి వారసుల మధ్య భాగపరిష్కార దస్తావేజు, కుదరకపోతే భాగపరిష్కార దావా. ఈ రెండు సర్టిఫికెట్లనూ ఒకటే అనుకుని నెలల తరబడి తప్పు ఆఫీసులో తిరిగేవాళ్లు చాలామంది.

పొలం సంగతి వేరు. దాని రికార్డులో వారసుల పేరు ఎక్కించడాన్ని తెలంగాణలో విరాసత్ అంటారు, ఆంధ్రలో మ్యుటేషన్ అంటారు. తెలంగాణ పాత భూరికార్డుల పోర్టల్ ధరణి రోజుల్లో దరఖాస్తు పెట్టినవాళ్లు చెప్పిన వారసుల వివరాలతోనే పని నడిచిపోతోందని, ఆడబిడ్డల పేర్లు వదిలేస్తున్నారని విమర్శలుండేవి. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతిలో తహసీల్దారు వారసులకు నోటీసులిచ్చి, విచారణ జరిపాకే పేరు మార్చాలి. పేరు మార్చుకోకుండా వదిలేస్తే ఏమవుతుందో తెలంగాణ ప్రభుత్వ రైతుబీమా చెబుతుంది. 2018 ఆగస్టులో మొదలైన ఆ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో పోయినా నామినీకి 5 లక్షలు. కానీ పాస్‌బుక్ ఆ రైతు పేరు మీద ఉండాలి. తాత పేరు మీదే భూమి ఉండిపోయి, అన్నదమ్ములు గట్లు వేసుకుని ఎవరి చెక్క వాళ్లు దున్నుకుంటుంటే, ఆ అన్నదమ్ముల్లో ఒకడు నలభై ఏళ్లకు పోయినా కుటుంబానికి ఆ 5 లక్షలు రావు. ఒక చావుకు చేయించని విరాసత్ రెండో చావు నాడు దెబ్బకొడుతుంది.

అప్పులవాళ్లు వచ్చినప్పుడు

ఇంటి ముందు జనం కూడేది ఒక్కోసారి ఓదార్చడానికి కాదు. 'తండ్రి అప్పు కొడుకు తీర్చాలి' అన్నది మన పెద్దల మాట, ఒకప్పుడు అది చట్టం కూడా. 2005 సవరణ దాన్ని తీసేసింది. ఆ తర్వాత చేసిన అప్పుకు, కొడుకు ధర్మం అన్న ఒక్క కారణంతో కొడుకు మీద వెళ్లడానికి వీల్లేదు. పోయినాయన వదిలిన ఆస్తి ఎంతో అంత మేరకే వారసుల బాధ్యత. రెండు లక్షల ఆస్తి, తొమ్మిది లక్షల అప్పు ఉంటే రెండు లక్షల దాకానే. కోడలి జీతం, కొడుకు సొంత ఇల్లు దాని కిందికి రావు. అయితే లోనులో కో-అప్లికెంటుగానో, ప్రోనోటు మీద షూరిటీగానో సంతకం ఉంటే అది సొంత అప్పే, తప్పించుకోలేరు. 'ఇంటిల్లిపాదీ సంతకాలు పెడితేనే లోను' అని ఫైనాన్సు కంపెనీలు పట్టుబట్టేది అందుకే.

చావు ఇంట్లో ఏడుపు ఆరకముందే వచ్చే రికవరీ ఏజెంట్లు ఈ తేడా చెప్పరు. పరువు పేరు చెప్పి కొత్త ప్రోనోటు రాయించుకుంటారు. ఆ క్షణంలో తండ్రి అప్పు కొడుకు సొంత అప్పుగా మారిపోతుంది. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన బ్యాంకులకు, ఫైనాన్సు కంపెనీలకు ఉంది. ఊళ్లో వడ్డీ వ్యాపారికి అదేం పట్టదు.

నగల లోనులో ఇంకో మెలిక. కుదువపెట్టింది భార్య పుస్తెలతాడే అయినా లోను భర్త పేరు మీద తీసుకుంటారు. బ్యాంకుకు తెలిసింది కుదువపెట్టిన మనిషే. ఆయన పోయాక తన నగ తను విడిపించుకోవడానికి ఆ ఇల్లాలే వారసుల కాగితాలు, మిగతా వారసుల అంగీకార పత్రాలు పట్టుకెళ్లాలి.

పిల్లలు మైనర్లయితే అప్పు తీర్చడానికి స్థలం అమ్మడం కూడా అంత సులువు కాదు. తండ్రి స్వార్జితంలో పిల్లలకు వచ్చిన వాటాను తల్లి గార్డియన్‌గా కోర్టు అనుమతి లేకుండా అమ్మితే, పిల్లలు మేజరయ్యాక మూడేళ్ల లోపు ఆ అమ్మకాన్ని సవాలు చేయొచ్చు. ఆ సంగతి తెలిసిన కొనుగోలుదారు బేరం తగ్గిస్తాడు. తెలియనివాడు పదేళ్ల తర్వాత కోర్టులో ప్రతివాది అవుతాడు.

ఇన్ని చిక్కుల్లో చాలావాటికి వీలునామా విరుగుడు. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసినాయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉంటే చాలు. వివాదం వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకొచ్చి చెప్పాలి కాబట్టి తన ఈడు స్నేహితులనే సాక్షులుగా పెట్టుకునే అలవాటు మంచిది కాదు, వయసులో చిన్నవాళ్లు మేలు. ముస్లింలు మూడో వంతుకు మించి వీలునామా రాస్తే వారసుల ఒప్పుదల కావాలి. క్రైస్తవులకైతే పెళ్లి చేసుకోగానే అంతకుముందు రాసిన వీలునామా రద్దవుతుంది, హిందువులకు కాదు.

మనిషి జాడే లేకపోతే

చట్టం అన్నింటికన్నా నెమ్మదిగా కదిలేది ఇక్కడ. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లి, ఫోన్లు ఆగిపోయి, ఏమయ్యాడో తెలియని మనుషులున్నారు. అక్కడే పోయినట్టు తేలితే దారి ఉంది. భారత రాయబార కార్యాలయంలో మరణం నమోదవుతుంది, ఆ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లుతుంది. ఏమీ తేలకపోతే డెత్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లే ఉండరు. ఏడేళ్లు అతని గురించి, తెలియాల్సినవాళ్లకు ఏమీ తెలియకపోతే పోయినట్టు భావించొచ్చని పాత సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోనూ అదే ఉంది. ఆ ఏడేళ్లు ఎప్పుడు మొదలయ్యాయో చెప్పడానికి ఆధారం కావాలి. పోలీసు స్టేషన్లో మిస్సింగ్ కేసు పెట్టిన తేదీయే దానికి గట్టి ఆధారం. 'ఈరోజు కాకపోతే రేపు ఫోను చేస్తాడు' అని నాలుగేళ్లు ఆగి కేసు పెట్టిన ఇంట్లో ఆ నాలుగేళ్లను రుజువు చేయడం కష్టం. ఏడేళ్లు నిండాక కూడా ఏ ఆఫీసూ తనంతట తాను ఒప్పుకోదు. సివిల్ కోర్టులో డిక్లరేషన్ దావా వేసి డిక్రీ తెచ్చుకోవాలి.

ఈలోగా అతని పేరు మీద ఎల్‌ఐసీ పాలసీ ఉంటే ప్రీమియం ఆపకూడదు. ఏడేళ్ల తర్వాత కోర్టు మరణాన్ని ఊహిస్తుందే తప్ప, కనిపించకుండా పోయిన రోజునే పోయాడని ఊహించదని సుప్రీంకోర్టు 2004లో అనూరాధ కేసులో చెప్పింది. ఆ తీర్పు తర్వాత మధ్యలో ల్యాప్స్ అయిన పాలసీకి క్లెయిము నిలబెట్టుకోవడం కష్టం. భర్త పంపే డబ్బు ఆగిపోయిన ఇంట్లో, అతను పోయాడో బతికున్నాడో తెలియని రోజుల్లో, ఏడేళ్ల పాటు అతని ప్రీమియం కట్టాల్సింది ఆ భార్యే.